తమ్ముడికి మళ్లీ అలా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రశ్న: అమ్మా, మేం టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా తమ్ముడికి 26 ఏళ్లు. ఎంఎస్ అయిపోయి, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కుంటూ, మాకు మూడు గంటల దూరంలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఉండేవాడు. ఆరు వారాల కిందట వరసగా నాలుగు రాత్రులు నిద్రపోలేదట. తనలో తను మాట్లాడుకోవడం, గదిలో ఎవరో కెమెరాలు పెట్టారని స్విచ్ బోర్డులు విప్పడం. ఐదో రాత్రి స్క్రూడ్రైవర్ పట్టుకుని గదిలో తలుపేసుకుంటే రూమ్మేట్లు భయపడి 911కి ఫోన్ చేశారు. మూడు పోలీసు కార్లు వచ్చాయి. చేతిలోది కింద పడేయమని పోలీసులు అరుస్తున్నారు, వీడు అలాగే నిలబడిపోయాడు. రూమ్మేట్ ఒకడు ఏడుస్తూ "ఒరేయ్, అది కింద పెట్టరా" అని తెలుగులో అరిస్తే అప్పుడు పెట్టాడట. బేడీలు వేసి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు, మందులు వాడుతున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ వీధిలో సైరన్ వినబడితే లోపలి గదిలోకి వెళ్లిపోతాడు. మావారు "ఇంకెప్పుడూ పోలీసుల్ని పిలవొద్దు" అంటున్నారు. మరి మళ్లీ అలా అయితే? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. అమ్మానాన్నలకు జ్వరమని చెప్పాం. బంధువులకు, ఇక్కడి స్నేహితులకు ఏమీ తెలియదు. ఎవరికి ఫోన్ చేయాలి?

– ఒక అక్క

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మూడు కార్లలో వచ్చిన పోలీసులు అరిచి చేయించలేని పనిని "ఒరేయ్, అది కింద పెట్టరా" అన్న ఒక్క మాట చేసింది. ఆ కుర్రాడెవరో గానీ వాడికి నా దండం. ఆ రాత్రి మీ తమ్ముణ్ని కాపాడింది తెలిసిన గొంతు. మళ్లీ అవసరం పడితే అలాంటి గొంతు ఆ గదిలో ముందే ఉండేలా ఎలా చూసుకోవాలన్నదే మనం మాట్లాడుకోవాల్సిన విషయం. నంబర్లు కూడా చెబుతాను, కానీ నంబర్లతోనే ఇది తేలదు.

ముందు మీవారి మాట గురించి. ఆయన భయం ఉత్తి భయం కాదు. పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ల వివరాలను వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2015 నుంచి ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా నమోదు చేసింది. అందులో దాదాపు ఐదుగురిలో ఒకరికి మానసిక అనారోగ్యం ఉన్నట్టు తేలింది. 2024 మార్చి 27న న్యూయార్క్ క్వీన్స్‌లో విన్ రొజారియో అనే 19 ఏళ్ల బంగ్లాదేశీ కుర్రాడు తనకు బాగోలేదని 911కి తానే ఫోన్ చేశాడు. వచ్చినవాళ్లకు వంటింట్లో అతని చేతిలో కత్తెర కనబడింది. తల్లి అతన్ని పట్టుకుని అడ్డుపడుతూనే ఉంది. వాళ్లు వచ్చిన కొద్ది నిమిషాలకే అతను తూటాలకు పడిపోయాడు. ఆ ఇంట్లో మీలాంటి అక్క కాకపోయినా అమ్మ ఉంది, తమ్ముడు ఉన్నాడు. అయినా ఆగలేదు.

ఎందుకిలా జరుగుతుందంటే, పోలీసు శిక్షణలో చేతిలోని వస్తువే మొదట కనబడుతుంది. ఆజ్ఞ ఇస్తారు, వినకపోతే ఇంకా గట్టిగా ఇస్తారు. నాలుగు రాత్రులు నిద్రలేని మెదడుకు ఆ అరుపులు బుర్రలోకి ఎక్కవు. వినలేకపోవడం వాళ్లకు వినకపోవడంలా కనిపిస్తుంది. ఇక్కడే అన్నీ తారుమారవుతాయి.

అయితే "ఇంకెప్పుడూ" అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. దాని సంగతి కింద చెబుతాను.

మనసు బాగోలేనప్పుడు సాయం కోసం చేసే 988 నంబరు గురించి మీరు వినే ఉంటారు. 2022 జులై 16 నుంచి అమెరికా అంతటా పనిచేస్తోంది. ఆత్మహత్య ఆలోచనలకు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. కాదు, మనసుకు సంబంధించిన ఏ కష్టానికైనా చేయొచ్చు. తమ్ముడి తరఫున మీరూ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు. ఇంగ్లిష్‌లో చెప్పలేని పెద్దవాళ్లుంటే దుబాసీ కావాలని అడిగే ఏర్పాటు ఉంది. ఆ లైన్ నడిపేవాళ్ల లెక్క ప్రకారం 2 శాతం కంటే తక్కువ కాల్స్‌లోనే అంబులెన్సో పోలీసో కదలాల్సి వస్తుంది. మిగతావన్నీ మాటలతోనే కుదుటపడతాయి. కానీ ప్రాణాపాయం వెంటనే ఉందని వాళ్లకు అనిపిస్తే మీరు వద్దన్నా ఎమర్జెన్సీ వాళ్లకు కబురు పెట్టగలరు. ఇది తెలియకుండా ఫోన్ చేసి తర్వాత "మోసం చేశారు" అనుకున్నవాళ్లు ఉన్నారు. తెలుసుకుని చేయండి.

ఫోన్ ఎత్తగానే మొదటి వాక్యంలో మీ కౌంటీ పేరు చెప్పండి. ఏళ్ల కిందట వేరే రాష్ట్రంలో కొన్న నంబర్లు మనలో చాలామందికి ఇంకా ఉన్నాయి. ఏరియా కోడ్‌ని బట్టి కాల్ ఆ రాష్ట్రానికి వెళ్లిపోయేది. ఇప్పుడు ఫోన్ ఉన్న చోటును బట్టి పంపే ఏర్పాటు చేశారు గానీ, కౌంటీ పేరు చెప్పడం వల్ల పోయేదేమీ లేదు. తర్వాత అడగాల్సింది: "మొబైల్ క్రైసిస్ టీమ్‌ని పంపగలరా? వాళ్లతో పోలీసులు కూడా వస్తారా?"

టెక్సాస్‌లో ప్రతి కౌంటీ ఏదో ఒక స్థానిక మానసిక ఆరోగ్య సంస్థ కిందికి వస్తుంది. వాటికి 24 గంటలూ పనిచేసే సొంత క్రైసిస్ నంబరు ఉంటుంది, ఇంటికి వచ్చే బృందం ఉంటుంది. కౌన్సెలర్లు వస్తారు, కూర్చుంటారు, మాట్లాడతారు. కానీ అన్ని చోట్లా ఒక్కలా ఉండదు. కొన్నిచోట్ల అర్ధరాత్రి రారు, కొన్నిచోట్ల గంటలు పడుతుంది, కొన్నిచోట్ల వెంట పోలీసు తప్పనిసరి. అందుకే ఇల్లు ప్రశాంతంగా ఉన్న ఏ మంగళవారం పొద్దున్నో ఆ నంబరుకు ఫోన్ చేసి ఇవన్నీ ఇప్పుడే కనుక్కోండి. "ప్రస్తుతం ఏమీ లేదు, ముందుగా తెలుసుకుందామని చేశాను" అంటే వాళ్లు విసుక్కోరు. ఆస్టిన్‌లో అయితే 2021 నుంచి 911 వాళ్లే పోలీసా, ఫైరా, అంబులెన్సా, మానసిక ఆరోగ్య సహాయమా అని అడుగుతున్నారు. మీ ఊళ్లో అలా ఉందో లేదో కూడా ఆ కాల్‌లోనే తెలిసిపోతుంది.

ఇలాంటి బృందాలు పనిచేస్తాయా అంటే, చేస్తాయి. ఆరెగాన్ రాష్ట్రం యూజీన్‌లో వైట్ బర్డ్ క్లినిక్ 1989లో కహూట్స్ అనే వ్యాన్ మొదలుపెట్టింది. ఒక వైద్య సహాయకుడు, ఒక క్రైసిస్ కౌన్సెలర్, తుపాకీ లేదు, యూనిఫాం లేదు. డెన్వర్‌లో 2020 జూన్‌లో స్టార్ అనే వ్యాన్ వచ్చింది. మొదటి ఆరు నెలల్లో 748 కాల్స్‌కు వెళ్తే ఒక్క అరెస్టూ జరగలేదు. ఆల్బకర్కీలో పోలీసు, ఫైర్ శాఖల పక్కన మూడోదిగా ప్రత్యేక శాఖనే పెట్టి 2021లో వీధుల్లోకి పంపారు. చదువుతుంటే ప్రాణం లేచొస్తుంది కదా. కానీ అందరికీ దారి చూపిన ఆ కహూట్స్ వ్యాన్ యూజీన్‌లో 2025 ఏప్రిల్‌లో ఆగిపోయింది, డబ్బులు చాలక. 35 ఏళ్లు నడిచినదే ఆగిపోతే, మన కౌంటీలో నిరుడు మొదలైనదాని మీద పూర్తి భరోసా ఎలా పెట్టుకుంటాం? వ్యాన్ వస్తే మంచిదే. రాకపోతే ఏమిటన్నది కూడా ఆలోచించుకుని ఉండాలి.

అసలు ఆ ఐదో రాత్రి దాకా ఎందుకు వెళ్లింది? మీరు తప్పు చేశారని అనడం లేదు, మీరు మూడు గంటల దూరంలో ఉన్నారు. కానీ రూమ్మేట్లకు మొదటి రాత్రే తెలుసు. రెండో రాత్రీ తెలుసు. ఎవరికి చెప్పాలో తెలియదు. మీ నంబరు వాళ్ల దగ్గర ఉందో లేదో. ఉన్నా "అక్కకు చెబితే వాడు ఏమనుకుంటాడో" అన్న మొహమాటం. అలా అణిచిపెట్టి అణిచిపెట్టి, భయం పట్టలేని ఘడియలో మూడు అంకెలు నొక్కారు. రెండో రాత్రి ఫోన్ చేసి ఉంటే డాక్టరుతో పోయేది ఐదో రాత్రికి పోలీసుల దాకా వచ్చింది. కాబట్టి మీ ఇంటి నియమం ఇలా పెట్టుకోండి: వరసగా రెండు రాత్రులు నిద్రలేకపోతే, మూడో పొద్దున్నే మందులిచ్చే డాక్టరుకు ఫోన్. కెమెరాల మాటలు మొదలయ్యేదాకా ఆగొద్దు. అతని విషయంలో తొలి గుర్తు నిద్రే. ఇంకేమైనా గుర్తులుంటే అతన్నే అడగండి, మీకంటే అతనికే బాగా తెలుస్తుంది.

ఒకవేళ అది దాటిపోయి, తలుపేసుకునే దాకా వస్తే?

టీవీ కట్టేయండి. పెద్ద లైట్లు ఆర్పి చిన్నది ఉంచండి. పాపను ముందుగా ఇంట్లోంచి పంపేయండి, అది ఒక మనిషి పని (ఆ మనిషి ఎవరో తర్వాత చెబుతా). మాట్లాడేది ఒక్కరే, మిగతావాళ్లు పక్క గదిలో. ముగ్గురు మూడు వైపుల నుంచి "ఏమైందిరా, ఏమైందిరా" అంటే బాగున్నవాడికే తల తిరుగుతుంది. తెలుగులోనే మాట్లాడండి, చిన్నప్పుడు పిలిచిన పేరుతో. గుమ్మానికి అడ్డంగా నిలబడకండి, అతనికీ బయటికి దారి కనబడాలి, మీకూ కనబడాలి. కెమెరాలు లేవని వాదించొద్దు. ఉన్నాయని ఒప్పుకోనూ వద్దు. "అంత భయంగా ఉంటే నిద్ర ఎలా పడుతుందిరా, నాలుగు రోజులయిందిగా" అనండి. భయం నిజం, కెమెరా నిజం కాకపోయినా. ఆ భయంతో మాట్లాడండి. చేతిలో ఏదైనా ఉంటే లాక్కోవద్దు. "అది బల్ల మీద పెట్టి ఈ నీళ్లు తాగు" అని గ్లాసు అందించండి. రెండూ ఒకే చేత్తో పట్టుకోలేడు కదా. ఇది ఎప్పుడూ పనిచేస్తుందని చెప్పను. పట్టుకున్నది కత్తి అయితే గ్లాసు అందించేంత దగ్గరికి కూడా వెళ్లొద్దు.

చనిపోవాలన్న మాటలు తన నోట వినబడుతున్నాయని అనుమానం వస్తే, నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మన పెద్దవాళ్ల భయం. పుట్టదు, ఇన్నేళ్ల పరిశోధనలో అలాంటిదేమీ కనబడలేదు. అడిగేవాళ్లున్నారని తెలిస్తే గుండె బరువు దిగుతుంది. ఈలోగా ఇంట్లో ఉన్న మందులన్నీ, మీ అత్తగారివైనా సరే, తాళం వేసి ఉంచండి.

అతను "సరే, వెళ్దాం" అన్నాడంటే మీరు గెలిచినట్టే. మీ కారులోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లొచ్చు. ఒకరు నడపాలి, ఒకరు వెనక సీటులో అతని పక్కన. ఒక్కరే తీసుకెళ్లొద్దు. ఎందుకు చెబుతున్నానంటే, టెక్సాస్ చట్టంలో ఇష్టం లేని మనిషిని అత్యవసరంగా ఆస్పత్రికి తీసుకెళ్లే అధికారం ప్రధానంగా పోలీసులదే. మీరు జడ్జి దగ్గర అర్జీ పెట్టి వారెంట్ తెచ్చుకున్నా దాన్ని అమలు చేసేది వాళ్లే. సాధారణంగా 48 గంటలు ఉంచుకోవచ్చు. అంటే పోలీసులు రాకుండా ఉండాలంటే అతని ఒప్పుదలే అసలు తాళంచెవి. ఆ ఒప్పుదల అర్ధరాత్రి పుట్టదు. ఇప్పుడు, బాగున్నప్పుడు, కూర్చుని మాట్లాడుకుంటే పుడుతుంది.

ఇప్పుడు కాస్త గట్టిగా ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. బంధువులకు, స్నేహితులకు "ఏమీ తెలియదు" అని మీరు రాశారు, అది రక్షణ అన్నట్టు. నలుగురికీ తెలియకూడదని మనం మూసిపెట్టుకున్నది చివరికి వీధి వీధంతటికీ తెలిసింది, అదీ ఎర్రనీలం లైట్లతో. మన నలుగురికి చెప్పుకోలేకపోవడం వల్లే పోలీసులకు చెప్పుకోవాల్సి వచ్చింది. అమెరికాలో ఈ పని చేసేవాళ్లు దీనికి పాడ్ అనే మాట వాడతారు. కాలిఫోర్నియా బే ఏరియాలో ట్రాన్స్‌ఫర్మేటివ్ జస్టిస్ (పోలీసులు, జైళ్లు లేకుండా మనుషులే కలిసి హింసకు పరిష్కారం వెతకడం) పనిచేసే ఒక బృందం తెచ్చిన మాట. కష్టం వస్తే నిజంగా వచ్చే మనుషుల పేర్లు ముందే ఒక కాగితం మీద గీసుకోవడం. వాళ్లు కొత్తగా కనిపెట్టింది ఏముంది, మనం "నలుగురు మనుషులు కావాలి" అనేది అదే. కాకపోతే మనం చావుకీ పెళ్లికీ నలుగుర్ని పిలుస్తాం, మనసు బాగోలేకపోతే మాత్రం తలుపులు వేసుకుంటాం.

ఆ నలుగురూ బంధువులే కానక్కర్లేదు. బంధువుల కంటే బయటివాళ్లే మేలనిపిస్తుంది ఒక్కోసారి. మొదటి పేరు నా మటుకు ఆ రూమ్మేట్‌ది. అతనికి ఫోన్ చేసి కృతజ్ఞత చెప్పారా? 911కి చేశాడన్న కోపంతో మీ ఇంట్లో ఎవరూ మాట్లాడకపోతే ఆ కుర్రాడు కూడా నిద్రపోవడం లేదేమో. రెండోది పక్కింటి మనిషి, పాపకోసం. ఆమెకు జబ్బు పేరు చెప్పక్కర్లేదు. "మా ఇంట్లో ఒకోసారి హడావిడి అవుతుంది, ఏ వేళ ఫోన్ చేసినా పాపను రెండు గంటలు చూసుకుంటారా" అంటే చాలు. మూడోది కారు నడపగల స్నేహితుడు, ప్రశ్నలు వేయని రకం. నాలుగోది మీకోసం. అతన్ని చూసుకుంటూ మీరు కూలబడితే మీకు అన్నం పెట్టేవాళ్లు. ఒక్కొక్కరికీ ఒక్కో పని ఉండాలి. "ఏదైనా అవసరమైతే చెప్పండి" అన్న మాట అర్ధరాత్రి రెండింటికి అక్కరకు రాదు.

నేనూ ఒకసారి ఆ మూడు అంకెలు నొక్కినదాన్నే. చాలా ఏళ్ల కిందట మా పై అపార్ట్‌మెంట్‌లో ఒక అబ్బాయి రాత్రంతా సామాను విసిరేసేవాడు. మూడో రాత్రి పోలీసులకు చెప్పాను. పొద్దున అతను లేడు, తలుపు దగ్గర చెప్పులు మాత్రం ఉన్నాయి, ఒకటి బోర్లా పడి. ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. అంతకుముందు ఒక్కరోజైనా మెట్లెక్కి తలుపు తట్టి "బాబూ, బాగున్నావా" అని అడిగి ఉండొచ్చు కదా. పదహారు మెట్లే.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పక తప్పదు. పోలీసుల బదులు మనవాళ్లే చూసుకోవడం అనగానే మన పెద్దలకు గుర్తొచ్చేది పంచాయితీ. భర్త కొడుతున్నాడని ఫోన్ చేసిన అమ్మాయిని నలుగురు పెద్దలు కూర్చోబెట్టి "సర్దుకుపో" అని పంపించేస్తారు. నేను చెప్పే నలుగురు ఆ నలుగురు కాదు. ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లు ఇది చదువుతుంటే, పోలీసులంటే భయమైతే, దక్షిణాసియా స్త్రీల కోసమే పెట్టిన సంస్థలు ఇక్కడ ఉన్నాయి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి, హ్యూస్టన్‌లో దయ 1996 నుంచి. పోలీసు రిపోర్టు లేకుండానే మాట్లాడతారు, దారి చూపిస్తారు. దాని గురించి విడిగా రాయాలి, ఇంకోసారి.

మళ్లీ మీ ఇంటికి. టెక్సాస్‌లో మానసిక చికిత్సకు సంబంధించి ముందుగా రాసిపెట్టుకునే డిక్లరేషన్ ఒకటి ఉంది. బాగున్నప్పుడు అతనే రాసుకోవాలి. ఏ మందులు పడతాయి, ఏవి పడవు, అత్యవసరమైతే ఏ పద్ధతి ముందు వాడాలి అనేవి అందులో రాయొచ్చు. మూడేళ్లు చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలంటే రక్తసంబంధీకులు, పెళ్లి వల్ల చుట్టాలైనవాళ్లు పనికిరారు. చూశారా, చట్టం కూడా బయటివాళ్లను తెమ్మంటోంది. అలాగే, ఆస్పత్రివాళ్లు రహస్య నియమాల పేరుతో మీకు ఏమీ చెప్పకపోవచ్చు. మీరు వాళ్లకు చెప్పడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. మందుల పేర్లు, డోసులు, డాక్టరు నంబరు ఒక పేజీలో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

వీసా భయం కూడా ఉంటుంది, మీరు రాయలేదు గానీ. ఆస్పత్రికి అలా తీసుకెళ్లడం నేరం కేసు కాదు. కానీ ఆ రాత్రి ఏదైనా అభియోగం పెట్టారేమో కాగితాలు తెప్పించి ఇమిగ్రేషన్ లాయరుకు ఒకసారి చూపించండి. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల గురించి ప్రభుత్వం ఉంచే నమోదు) హఠాత్తుగా రద్దయ్యాయి. కొట్టేసిన చిన్న కేసులు ఉన్నవాళ్లవి కూడా పోయాయి. కోర్టులకు వెళ్లాక ఆ నెలాఖరుకు వెనక్కి ఇచ్చారనుకోండి, కానీ ఊరికే వదిలేసే కాలం కాదిది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదన్న లెక్క కూడా ఆ కుర్రాడి నెత్తిన గడియారంలా తిరుగుతూ ఉంటుంది. నిద్ర పట్టకపోవడానికి అదీ ఒక కారణమేమో ఎవరు చూశారు? మొదటి ఏడాది ఓపీటీలో చదువుకు సంబంధించిన పనిని జీతం లేకుండా వారానికి కనీసం 20 గంటలు చేసినా ఉద్యోగం కిందే లెక్క. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో ఈ వారమే మాట్లాడించండి.

ఇక "ఇంకెప్పుడూ పిలవొద్దు" దగ్గరికి. రక్తం కారుతుంటే, మందులు మింగేస్తే, పాప మీదికో మీ మీదికో ఆయుధంతో వస్తుంటే 911కే చేయాలి. అందులో సిగ్గుపడాల్సింది లేదు, తమ్ముడికి ద్రోహం చేసినట్టూ కాదు. ఏం చెప్పాలో మాత్రం ముందే రాసుకోండి. మొదటి వాక్యమే "ఇది మెడికల్ ఎమర్జెన్సీ, మానసిక అనారోగ్యం" అని. అంబులెన్స్ అడగండి. చేతిలో ఏమీ లేకపోతే "అతని దగ్గర ఆయుధం లేదు" అని తప్పకుండా అనండి. ఉంటే అబద్ధం చెప్పొద్దు, ఉన్నదే చెప్పండి: "స్క్రూడ్రైవర్ ఉంది, తుపాకీ లేదు." ఫోన్‌లో "కత్తిలాంటిది ఏదో" అన్న ఒక్క మాట చాలు, వచ్చేవాళ్ల చెయ్యి తుపాకీ మీదికి పోవడానికి. "ఇంగ్లిష్ వచ్చు, కానీ ఇప్పుడు గట్టిగా అరిస్తే అర్థం కాదు" అని చెప్పండి. సీఐటీ (మనసు బాగోలేనివాళ్లతో ఎలా మెలగాలో పోలీసులకు నేర్పే) శిక్షణ పొందిన ఆఫీసర్ కావాలని అడగండి. 1988లో మెంఫిస్‌లో మొదలైన శిక్షణ అది, 40 గంటలు ఉంటుంది. అంతకుముందు ఏడాది అక్కడ మనసు బాగోలేని ఒక యువకుణ్ని పోలీసులు కాల్చి చంపాక పుట్టింది. సైరన్ లేకుండా రమ్మని కూడా అడగొచ్చు, ఒప్పుకుంటారో లేదో వాళ్లిష్టం. వాళ్లు వచ్చేసరికి మీరు లైట్ వేసి, ఖాళీ చేతులు కనబడేలా బయట నిలబడి, ఇదే మాటలు మళ్లీ చెప్పండి. పోలీసులు వెళ్లిపోయేదాకా రూమ్మేట్‌నో మిమ్మల్నో అతనికి వినబడేంత దూరంలో ఉండనివ్వమని అడుగుతూనే ఉండండి.

అమ్మానాన్నల విషయం మీ ఇష్టానికి వదిలేస్తున్నాను. చెబితే విమానం ఎక్కి వచ్చేస్తారేమో. వస్తే ఒక్క జాగ్రత్త. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన సురేశ్‌భాయ్ పటేల్ అనే పెద్దాయన పొద్దున్నే కొడుకు ఇంటి దగ్గర నడుస్తున్నాడు. ఎవరో అనుమానంగా ఉందని పోలీసులకు ఫోన్ చేశారు. ఇంగ్లిష్ రాదని చెప్పబోయాడు. నేలకేసి కొట్టారు, మెడకు దెబ్బ తగిలి ఒళ్లు కొంతమేర చచ్చుబడింది. ఎందుకు చెబుతున్నానంటే, మీ నాన్నగారు వచ్చిన మొదటి సాయంత్రమే ఇరుగుపొరుగు ఐదారు ఇళ్లకు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేయండి. జేబులో పేరు, అడ్రసు, మీ నంబరు ఉన్న కార్డు ఉండాలి. మొహం తెలిసిన మనిషి మీద ఎవరూ పోలీసులకు ఫోన్ చేయరు. మీ తమ్ముణ్ని కూడా ఆ తిరుగుడులో వెంట తీసుకెళ్లండి.

చివరిగా ఒక సందేహం. ఉత్తరమంతా చదివాను, మీవారు ఏమంటున్నారో ఉంది, మీరేం భయపడుతున్నారో ఉంది. అతనేం కోరుకుంటున్నాడో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ రాత్రి బేడీలు పడింది అతని చేతులకు. మళ్లీ అలా అయితే ఎవరు రావాలి, ఎవరు రాకూడదు, ఎవరి మాట వింటాడు, ఏ ఆస్పత్రికైతే వస్తాడు, ఇవన్నీ చెప్పాల్సింది అతనే. ఈ ఆదివారం పాప పడుకున్నాక తెల్ల కాగితం, పెన్ను అతని ముందు పెట్టండి. మీరు రాయకండి. మొదటి పేరు రాయడానికి చాలాసేపు పట్టొచ్చు. పక్కనే కూర్చోండి.